డ్రైవరు కొడుకు: అమెరికా నవల, జపాను చిత్రం

డిటెక్టివు నవల అంటే ఒకప్పుడు మన ఇళ్ళలో తలగడ కింద దాచుకొని చదివే వస్తువు. కొమ్మూరి సాంబశివరావుగారి యుగంధరు కథలను పెద్దల కంట పడకుండా పూర్తిచేసినవారు ఈ సంచిక చదువరులలో చాలామందే ఉండి ఉంటారు. రైలెక్కగానే తెరిచి, దిగేటప్పుడు సీటు మీదనే మరచిపోవడానికి తగిన పుస్తకాలని పండితులు వాటిని తీసిపారవేసేవారు. ఆ మాటలో కొంత నిజం లేకపోలేదు. అయితే అటువంటి చౌక పుస్తకమొకటి అమెరికాలో పుట్టి, సముద్రం దాటి జపాను చేరి, అక్కడ ప్రపంచ చలనచిత్ర చరిత్రలో నిలిచిపోయిన చిత్రంగా మారిన వృత్తాంతం ఉన్నది. ఊరు విడిచి మరొక ఊరిలో వేరూనిన మనవంటి వారికి ఆ కథ చేసిన ప్రయాణం ఆసక్తి కలిగిస్తుందని మా నమ్మకం. నేరస్థుడెవరో ముందుగా చెప్పినందువల్ల రుచి చెడే చిత్రం కాదు కనుక మేము ఏదీ దాచకుండానే చెప్పబోతున్నాము.

నవల పేరు ‘కింగ్స్ రాన్సమ్’. 1959లో వెలువడినది. గ్రంథకర్తగా అట్ట మీద ఉన్న పేరు ఎడ్ మెక్‌బేన్. అది కలం పేరు. ఆ మనిషి 1926లో న్యూయార్కులో, ఇటలీనుంచి వలస వచ్చినవారి సంతతిలో, సాల్వటోర్ లొంబీనో అన్న పేరుతో పుట్టాడు. 1952లో చట్టప్రకారం ఇవాన్ హంటర్ అని పేరు మార్చుకొన్నాడు. ఆ పేరుతో గంభీరమైన నవలలు వ్రాశాడు. మెక్‌బేన్ అన్న పేరును పోలీసు నవలలకు కేటాయించుకొన్నాడు. 1956లో మొదలుపెట్టిన ఆ వరుసకు ‘ఎనభై ఏడవ ఠాణా’ కథలని పేరు. వాటిలో షెర్లాక్ హోమ్సు వంటి మహామేధావి ఎవడూ కనిపించడు. ఒక ఠాణా, అందులో జీతానికి పనిచేసే పదిమంది డిటెక్టివులు, వారి ఇంటి గొడవలు, కాళ్ళు అరిగేలా తిరగడాలు, నింపవలసిన ఫారాలు. ఆ ఫారాలను అచ్చంగా పుస్తకంలో ముద్రించే అలవాటు కూడా ఆయనకు ఉండేది. నగరం పేరు ఐసోలా. అది కల్పితమే అయినా న్యూయార్కుకు మారుపేరని పసిపిల్లలకు సైతం తెలుస్తుంది.

కథలోకి వద్దాం. డగ్లస్ కింగ్ అనే ఆయన బూట్ల కంపెనీలో పెద్ద అధికారి. కంపెనీని తన చేతిలోకి తెచ్చుకోవడానికి తనకున్నదంతా కూడగట్టి వాటాలు కొనబోతున్నాడు. సరిగ్గా ఆ సమయంలో నీ కొడుకును ఎత్తుకుపోయాము, సొమ్ము ఇమ్మని టెలిఫోను వస్తుంది. కాని కొడుకు ఇంట్లోనే ఉన్నాడు! దుండగులు పొరపాటున ఎత్తుకుపోయినది డ్రైవరు కొడుకును. అయినా వాళ్ళు వెనక్కి తగ్గరు. ఎవరి బిడ్డ అయితేనేమి, సొమ్ము నీవే ఇవ్వాలంటారు.

ఈ ఒక్క మలుపే ఆ నవలకు ప్రాణం. తన బిడ్డకోసం ఆస్తి ధారపోయని తండ్రి ఉండడు గనుక అందులో చెప్పుకోవలసిన విశేషం లేదు. కారు నడిపేవాడి బిడ్డకోసం జీవితాంతం సంపాదించినదంతా ఇచ్చివేసి రోడ్డున పడతావా అని అడిగితేనే చిక్కు. మనలో ఎవరిని అడిగినా తడుముకోకుండా జవాబు చెప్పగలమా?

మెక్‌బేన్ నవలలో కింగు జవాబు స్పష్టమే. ఇవ్వనంటాడు. భార్య ఈసడించినా, డ్రైవరు ప్రాధేయపడినా సొమ్ము ఇవ్వడానికి ఒప్పుకోడు. చివరకు తానే రంగంలోకి దిగి దుండగుడితో కలబడతాడు. పిల్లవాడు క్షేమంగా బయటపడతాడు గనుక పాఠకుడికి నిట్టూర్పు విడిచే అవకాశం దొరుకుతుంది. నేరస్థులు ఇద్దరు చిల్లర దొంగలు, వారిలో ఒకడి భార్య. ఆమె పిల్లవాడి మీద జాలిపడుతుంది. ఇదంతా బిగువుగానే నడుస్తుంది. కాని కలబాటు వచ్చేసరికి అసలు ప్రశ్న చేజారిపోతుందని మా అభిప్రాయం. ముష్టిఘాతంతో తీరే ప్రశ్న కాదు గదా అది!

ఈ పుస్తకం అకిరా కురొసావా చేతిలో పడినది. 1910లో టోక్యోలో పుట్టిన కురొసావాకు 1951లో ‘రషోమన్’ చిత్రం వెనిస్ ఉత్సవంలో అగ్రబహుమతి తెచ్చిపెట్టినది. 1954లో తీసిన ‘సెవెన్ సమురాయ్’ లోకమంతా తిరిగినది. పరదేశపు రచనలను తన నేల మీదికి తెచ్చుకోవడం ఆయనకు కొత్త కాదు. దొస్తోయెవ్‌స్కీ ‘ఇడియట్’ను 1951లో, షేక్స్పియరు ‘మాక్బెత్’ను, గోర్కీ నాటకం ఒకదానిని 1957లో జపానీయం చేశాడు. కాని అవి మహాకవుల రచనలు. ఇది రైలు పుస్తకం. ఆయనకు అటువంటి తరతమభేదం ఉన్నట్టు కనిపించదు. 1949లో తీసిన ‘స్ట్రే డాగ్’ అనే పోలీసు చిత్రానికి ముందు, ఫ్రెంచి భాషలో డిటెక్టివు నవలలు వ్రాసే సిమెనాన్ ఫక్కీలో తానే ఒక నవల వ్రాసుకొని, దాన్ని చిత్రకథగా మార్చుకొన్న మనిషి ఆయన.

కురొసావా, మరి ముగ్గురు రచయితలు కలిసి చిత్రానువాదం తయారుచేశారు. చిత్రానికి జపాను భాషలో పెట్టిన పేరుకు అర్థం ‘స్వర్గమూ నరకమూ’. ఇంగ్లీషువారు దాన్ని ‘హై అండ్ లో’ అన్నారు. 1963 మార్చి 1న తోహో సంస్థ విడుదల చేసినది.

వారు నవలనుంచి తీసుకొన్నది చాలా తక్కువ. బూట్ల కంపెనీ, వాటాల తగాదా, పొరపాటున అపహరించబడిన డ్రైవరు కొడుకు. అంతే. ఠాణాలోని పాత్రలను వదిలివేశారు, నగరాన్ని వదిలివేశారు, చివరి కలబాటును వదిలివేశారు. వలస వెళ్ళే కుటుంబం ఇంటి సామానంతా బండికెక్కించదు. దేవుడి పటమూ, రెండు ఇత్తడి బిందెలూ, నోటికి అలవాటయిన ఊరగాయ జాడీ తీసుకొని బయలుదేరుతుంది. మిగిలినది చేరిన ఊళ్ళో సమకూర్చుకొంటుంది. ఇక్కడ జరిగినదీ అటువంటిదే.

చేరిన ఊరు యొకొహామా. పెద్ద రేవుపట్టణం. కొండ మీద చల్లగాలి యంత్రాలు పెట్టిన అద్దాల మేడ ఒకటి. అందులో గోందో అనే బూట్ల కంపెనీ అధికారి కాపురం. కొండ కింద మురుగు కాలువలు, ఇరుకు కొంపలు. కింద ఉన్నవాడు ఎండలో మాడుతూ, చలిలో వణుకుతూ, ఎప్పుడు తల ఎత్తినా ఆ మేడ కనిపిస్తూనే ఉంటుంది. నవలలోని ధనాశ ఇక్కడికి వచ్చేసరికి కడుపుమంటగా మారినది. నేరస్థుడు చిల్లర దొంగ కాదు, ఆస్పత్రిలో పనిచేసే వైద్యవిద్యార్థి. చదువుకొన్నవాడు.

గోందో పాత్రను తొషిరో మిఫునే ధరించాడు. గోందో పుట్టు ధనికుడు కాడు. పదహారేళ్ళకే చెప్పులు కుట్టే పనిలో చేరి పైకి వచ్చినవాడు. చిత్రం ఆరంభంలోనే తోటి అధికారులు చవకరకం బూటు నమూనా పట్టుకొని వస్తారు. గోందో దాన్ని రెండు చేతులతో పీకి ముక్కలు చేసి చూపిస్తాడు. మనిషి ఎటువంటివాడో ఆ ఒక్క పనితో తెలిసిపోతుంది. పనివాడు, మాట కరుకు, చేసే సరుకు మీద పట్టుదల ఉన్నవాడు. ఇల్లు తాకట్టు పెట్టి అయిదు కోట్ల యెన్‌లు సిద్ధం చేసుకొన్నాడు. ఆ సొమ్ము ఓసాకా చేరితే కంపెనీ ఆయనది. చేరకపోతే ఇల్లూ లేదు, ఉద్యోగమూ లేదు. దుండగుడు అడిగినది మూడు కోట్లు.

ఇద్దరు పిల్లలూ దొంగా పోలీసూ ఆట ఆడుకొంటూ వేషాలు మార్చుకొన్నందువల్ల ఒకడికి బదులు ఒకడు పోయాడు. ఈ చిన్న కల్పనలో ఎంత ఉన్నదో చూడండి. ఆటలో యజమాని కొడుకూ డ్రైవరు కొడుకూ ఒకటే. టెలిఫోను మోగిన తరువాత వేరు.

ఇక్కడినుంచి దాదాపు గంటసేపు చిత్రం గోందోగారి హాలు దాటి బయటకు రాదు! మరొక దర్శకుడయితే పిల్లవాణ్ణి బంధించిన గదిని చూపి, వాడి ఏడుపు వినిపించి, కత్తి తళతళలాడించి ప్రేక్షకుల గుండెలు పిండేవాడు. కురొసావా అదేమీ చెయ్యలేదు. మనకు ఉన్నది ఒక టెలిఫోను, దానిలోనుంచి వచ్చే గొంతు, దాని చుట్టూ నిలబడిన మనుషులు. దుండగుడు దుర్భిణీతో మేడను గమనిస్తున్నాడు గనుక పోలీసులు డిపార్టుమెంటు స్టోరు సామాను తెచ్చే కూలీల వేషంలో లోపలికి వస్తారు. తెరలు తియ్యమని టెలిఫోనులో ఆజ్ఞ రాగానే ఇనస్పెక్టర్లంతా నేల మీద బోర్లా పడి పాకుతారు. నవ్వు వచ్చే ఘట్టమే, కాని నవ్వలేము.

వెడల్పాటి తెర మీద అందరూ ఒకేసారి కనిపిస్తూ ఉంటారు. ఒక మూల యజమాని, వెన్ను చూపి. ఒక మూల భార్య. నడుమ పోలీసులు. ఎక్కడో అంచున డ్రైవరు, తల వంచుకొని. మాట్లాడే అర్హత లేదనుకొన్నవాడు నిలబడే తీరు అది. చివరకు నేల మీద సాగిలపడి వేడుకొంటాడు. తరువాత నాకోసం మీరు నాశనం కావద్దన్నట్టు మాట మార్చుకొంటాడు. యజమాని ఇంట్లో పనిచేసినవారికి, పనిచేయించుకొన్నవారికి కూడా ఈ ఘట్టంలో కూర్చున్నచోట ఇబ్బందిగా ఉంటుంది. రక్తం చూపనక్కరలేని భయమంటే ఇదే.

రాత్రంతా ఇవ్వనన్న గోందో మరునాడు ఇస్తానంటాడు. ఎందుకు మారాడు? నమ్మిన కార్యదర్శి అవతలి పక్షంలో చేరినట్టు బయటపడడం ఒక కారణం కావచ్చు. భార్య కన్నీరు కావచ్చు. డ్రైవరు మొగం కావచ్చు. పెద్ద ఉపన్యాసమేమీ ఉండదు. సొమ్ము పెట్టే సంచుల అంచులో పోలీసులు రసాయనపు గొట్టాలు దాచాలి; నీటిలో పడవేస్తే ఒకటి దుర్గంధమిస్తుంది, కాలిస్తే మరొకటి రంగు పొగ విడుస్తుంది. వాటిని కుట్టడానికి గోందో తన పాత పనిముట్ల పెట్టె తెప్పించుకొని, నేల మీద కూర్చొని, తోలు కుట్టడం మొదలుపెడతాడు. తన నాశనాన్ని తన చేతులతోనే, చక్కని పనితనంతో, కుట్టుకొంటున్నాడు. చుట్టూ ఉన్న పోలీసులు మాట్లాడరు. ఈ చిత్రంలో మాకు అన్నిటికన్న గొప్పదిగా తోచిన ఘట్టమిదే.

తరువాత ఒక్కసారిగా రైలు! గంటసేపు గదిలో మగ్గిన ప్రేక్షకుడు ‘కొదమా’ ఎక్స్‌ప్రెస్సులోకి విసరివేయబడతాడు. 1958లో టోక్యో, ఓసాకాల మధ్య నడవడం మొదలుపెట్టిన విద్యుత్తు రైలది. 1964లో బుల్లెట్ రైలు వచ్చేదాకా ఆ దారిలో వేగానికి అదే పేరుపొందినది. దాని కిటికీలు తెరుచుకోవు. కాని సంచుల మందం ఏడు సెంటీమీటర్లు మించకూడదని దుండగుడు ముందే షరతు పెట్టాడు. ఎందుకో ఎవరికీ అర్థం కాలేదు. రైల్లో టెలిఫోను వస్తుంది. ఫలానా నది వంతెన దగ్గర పిల్లవాణ్ణి చూపిస్తాము, చూసుకొని, మరుగుదొడ్డి కిటికీలోనుంచి సంచులు పడవెయ్యండి అని. రైలు మొత్తంలో తెరుచుకొనే కిటికీ అదే, తెరుచుకొనేది ఏడు సెంటీమీటర్లే. నిజమైన రైలును అద్దెకు తీసుకొని, పరుగెత్తే రైల్లో అనేక కెమేరాలు ఒకేసారి నడిపి ఈ భాగం తీశారు. తప్పు జరిగితే వంతెన వెనక్కి రాదు. సంచులు పడవేసిన తరువాత గోందో కుళాయి దగ్గర మొగం కడుక్కుంటాడు. ఏడుస్తున్నాడో కడుక్కుంటున్నాడో తెలియదు.

పిల్లవాడు దక్కాడు. నవల అయితే ఇంచుమించు ఇక్కడ ముగియవలసినది. చిత్రంలో ఇంకా సగానికి పైగా ఉన్నది. ఈ భాగంలో తత్సుయా నకదాయ్ ధరించిన ఇనస్పెక్టరు తొకురా, ఆయన బలగం కథ నడుపుతారు. 1961, 1962లలో వచ్చిన రెండు కత్తియుద్ధాల చిత్రాలలో మిఫునేకు ప్రత్యర్థిగా నిలిచినవాడే నకదాయ్. ఇక్కడ చొక్కా చెమటతో తడిసి, విసనకర్ర విసురుకొనే ఉద్యోగి. మెక్‌బేన్ ఠాణా పాత్రలు రాలేదన్నాము గాని, ఆ ఠాణా పద్ధతి మాత్రం ఇక్కడ నిండుగా కనిపిస్తుంది. ఒకడు టెలిఫోను డబ్బాలు లెక్కపెడతాడు. ఒకడు టేపులో వెనుకగా వినిపించిన ట్రాము చప్పుడు ఏ దారిదో రైల్వే మనిషినడిగి తెలుసుకొంటాడు. పిల్లవాడు గీసిన సముద్రం బొమ్మ ఒక ఆధారం. డ్రైవరు కొడుకును కారులో కూర్చోబెట్టుకొని తానే ఆ చోటు వెదకడానికి బయలుదేరతాడు. ఋణం తీర్చుకోవాలన్న ఆరాటం పాపం ఆయనది.

నేరస్థుడెవరో మనకు ముందే చూపిస్తారు. చిత్రమంతా నలుపు తెలుపే. ఒక్కచోట మాత్రం, కొండ మీది మేడ కిటికీలోనుంచి పిల్లవాడు చూస్తూ ఉండగా, ఊరి మధ్య ఒక పొగగొట్టంలోనుంచి గులాబిరంగు పొగ లేస్తుంది. గోందో కుట్టిన సంచి ఆస్పత్రి కొలిమిలో కాలిపోతున్నదన్నమాట. ఆ రంగును ఆ ఒక్క పొగకే అద్దారు. అంతవరకు రంగు జోలికి పోని దర్శకుడు దానిని ఇంత పొదుపుగా వాడుకొన్నాడు.

ఈ భాగంలో ఒక నల్లమచ్చ ఉన్నది. దాన్ని చాలామంది మెచ్చుకోలుదార్లు దాటవేస్తారు. నేరస్థుడు దొరికినట్టే. కాని అపహరణకు పదిహేనేళ్ళ శిక్షకు మించి పడదు. వాడు తన తోడుదొంగలను అతి గాఢమయిన మత్తుమందిచ్చి చంపాడు. ఆ హత్య ఋజువయితే ఉరి పడుతుంది. అందుకని వాణ్ణి మళ్ళీ హత్యకు పూనుకొనేటట్లు పోలీసులు వల పన్ని, వెంట నడుస్తారు. వాడు మందు బలం పరీక్షించడానికి మత్తుమందు రోగుల సందులో ఒక దిక్కులేని ఆడమనిషిని ఎన్నుకొంటాడు. ఆమె చనిపోతుంది. ఒక డ్రైవరు కొడుకుకోసం ఊరంతా కన్నీరు పెట్టినది గాని ఈమెకోసం ఎవరూ ఆగలేదు. దర్శకుడు దీన్ని తప్పని నోటితో అనడు, ఒప్పనీ అనడు. మా దృష్టికి అది తప్పే. అలా చూపి ఊరుకోవడం దర్శకుడి నిజాయితీ అని కూడా మా దృష్టి.

వెంటాడుతున్న సమయంలోనే నేరస్థుడు వీధిలో బూట్ల దుకాణం అద్దాల ముందు నిలబడిన గోందోను చూసి, సిగరెట్టుకు నిప్పు అడుగుతాడు. గోందో నిప్పిస్తాడు. ఎవరికిచ్చాడో ఆయనకు తెలియదు. దూరంనుంచి చూస్తున్న పోలీసులకు తెలుసు, మనకు తెలుసు. సంగీతంతో గుండె అదరగొట్టకుండా ఉత్కంఠ పుట్టించడమెట్లాగో నేర్చుకోదలచినవారు ఈ ఘట్టం చూస్తే చాలు.

నేరస్థుడు పట్టుబడే నాటికే గోందో ఇల్లు అప్పులవాళ్ళ పాలయినది. ఆయన మళ్ళీ ఒక చిన్న బూట్ల కంపెనీలో పనిలో పడతాడు. ఉరికి ముందు నేరస్థుడు గోందోను చూడాలని కోరతాడు. ఇద్దరి మధ్య అద్దం; ఒకరి మొగం మీద ఒకరి నీడ. నేను పశ్చాత్తాపపడను అని మొదలుపెట్టిన యువకుడు వణకడం ఆపుకోలేక, అరుస్తూ ఇనుప వల పట్టుకొని కూలిపోతాడు. ఇనుప తలుపు దిగుతుంది. గోందో వెన్ను కనిపిస్తుంది. తరువాత గోందో, ఇనస్పెక్టరు మాట్లాడుకొనే ముగింపు ఘట్టం ఒకటి తీశారు గాని, ఆ యువకుడి పాత్ర వేసిన త్సుతోము యమజాకి నటన చూసిన కురొసావా దాన్ని తీసివేశాడు.

అపహరణకు శిక్ష తేలిక అన్న బాధ ఈ చిత్రం వెనుక ఉన్నదని చెబుతారు. అయితే విధి వెక్కిరింత చూడండి. చిత్రం విడుదలయిన నెలలోనే, 1963 మార్చి 31న, టోక్యోలో నాలుగేళ్ళ బాలుడు అపహరణకు గురి అయ్యాడు. దుండగుడు పోలీసుల కన్నుగప్పి సొమ్ము తీసుకొన్నాడు. బాలుడు తిరిగి రాలేదు. 1965లో నేరస్థుడు పట్టుబడ్డాడు. ఈ చిత్రపు ప్రకటన భాగాన్ని తాను చూశానని అతడు చెప్పినట్టు ప్రసిద్ధి. 1964లో జపాను శిక్షాస్మృతిని సవరించి, సొమ్ముకోసం చేసే అపహరణకు కఠినశిక్ష విధించారు. చిత్రం వల్ల నేరం పుట్టిందా, చట్టం పుట్టిందా అని వాదించుకొనేవారు వాదించుకోవచ్చును. ఆ నాలుగేళ్ళ వాడి పేరు చెప్పుకొని ఒక చిత్రాన్ని పొగడడానికి గాని తెగడడానికి గాని మాకు మనసొప్పదు.

ఆ తరువాత కథ ఇంకా తిరిగినది. 1977లో రాజ్ సిప్పీ దర్శకత్వంలో ‘ఇన్కార్’ పేరుతో హిందీలో వచ్చినది. బొంబాయి, షోలాపురం వైపు మనవాళ్ళలో చాలామంది అది చూశారు. శ్రీరామ్ లాగూ బూట్ల యజమాని, వినోద్ ఖన్నా పోలీసు అధికారి, అమ్జద్ ఖాన్ దుండగుడు. హెలెన్ నాట్యం చేసిన ‘ముంగ్డా’ పాట ఊరూరా మోగినది. మౌనం మీద నిలబడిన కథలో ఆ పాట ఇమిడిందా అంటే ఇమడలేదు. కాని టిక్కెట్లు అమ్మినది ఆ పాటే అయితే మేము ఆశ్చర్యపోము. లాగూగారు మాత్రం యజమాని మనోవేదనను హద్దు మీరకుండా నటించారు. 2025లో అమెరికా దర్శకుడు స్పైక్ లీ ఈ కథను తిరిగి న్యూయార్కు చేర్చాడు. బూట్ల వ్యాపారి పాటల వ్యాపారి అయ్యాడు, డెంజల్ వాషింగ్టన్ ఆ పాత్ర ధరించాడు. మెక్‌బేన్ 2005లో, కురొసావా 1998లో గతించారు గనుక ఇద్దరూ దాన్ని చూడలేదు.

జపాను చిత్రం నిడివి 143 నిమిషాలు. కింద వేసే ఇంగ్లీషు మాటలు చదువుకోగలిగితే భాష అడ్డు రాదు. మొదటి గంట, రైలు ఘట్టం పిల్లలను పక్కన కూర్చోబెట్టుకొని చూడవచ్చు. మత్తుమందు సందు వచ్చేసరికి మాత్రం వారిని పడుకోబెట్టడం మంచిది.